లప్పం కింద ఇనుము చూడండి

పాత ఇంగ్లీషు స్పోర్ట్స్ కారు ఒకటి కొని, బాగు చేయించుకుని తిరగాలని ఇప్పటి కుర్రాళ్లకి భలే మోజు. హైదరాబాదులోనూ బెంగుళూరులోనూ ఉద్యోగాలు చేసుకుంటున్న మన పెంటపాడు, తాడేపల్లిగూడెం పిల్లలు సంక్రాంతికి వస్తే అరుగు మీద ఇవే కబుర్లు. మా మనవడు ఫోనులో ఎర్ర ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ బొమ్మ చూపించి, "తాతయ్యా, ఇలాంటిది కొందామనుకుంటున్నా. ఏం చూసి కొనాలి?" అని అడిగాడు. "ఇనుము చూసి కొనరా" అన్నాను. "ఇంజను చూడక్కర్లేదా?" అన్నాడు. చూడాలి, కానీ అది రెండోది. అరిగిన ఇంజన్ని లేత్ షెడ్డులో బాగు చేయించుకోవచ్చు. తుప్పు తినేసిన చట్రాన్ని నిలబెట్టడం మాత్రం చాలా కష్టం. ఎందుకలాగో కాస్త నిదానంగా చెప్పుకుందాం.

స్పిట్‌ఫైర్‌కి మద్రాసు చుట్టరికం

ముందు ఆ బండి పుట్టుపూర్వోత్తరాలు తెలుసుకోవాలండి. స్పిట్‌ఫైర్ 1962లో ఇంగ్లండులో స్టాండర్డ్-ట్రయంఫ్ కంపెనీ నుంచి వచ్చింది. 1980 దాకా మూడు లక్షలకు పైగా బండ్లు తయారయ్యాయి. స్పిట్‌ఫైర్‌కి మూడేళ్ల ముందే, 1959లో, అదే కంపెనీ ట్రయంఫ్ హెరాల్డ్ అనే ఇంటిల్లిపాదీ తిరిగే కారు తెచ్చింది. ఆ హెరాల్డ్ ఛాసిస్‌ని పొట్టి చేసి, ఇంజనుకి జోరు పెంచి, పైన ఇద్దరు మాత్రమే పట్టే టాపు లేని బాడీ బిగిస్తే స్పిట్‌ఫైర్ అయింది. రెండు బండ్లకీ రూపం గీసినవాడు ఒకడే, ఇటలీలోని ట్యూరిన్ నగరానికి చెందిన జొవాన్ని మికెలొట్టి.

మనకి కావలసిన సంగతి ఇక్కడుంది. ఆ హెరాల్డే 1961 నుంచి మద్రాసు పక్క వండలూరులో, స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ ఆఫ్ ఇండియా వారి ఫ్యాక్టరీలో, స్టాండర్డ్ హెరాల్డ్ పేరుతో తయారైంది. అంబాసిడర్ కలకత్తా దగ్గర, ఫియట్ బొంబాయిలో, హెరాల్డ్ మద్రాసులో. ఆ రోజుల్లో మన దేశంలో కారు కొనాలంటే ఈ మూడే దిక్కు. హెరాల్డ్ మొదట రెండు తలుపులతో వచ్చింది. తర్వాత మనవాళ్ల కుటుంబాలకి తగ్గట్టు నాలుగు తలుపులు పెట్టారు. ఆ నాలుగు తలుపుల హెరాల్డ్ ఇంగ్లండులో కూడా లేదు, అచ్చంగా మద్రాసుదే. 1970ల మొదట్లో దాని చోటులోకి గెజెల్ వచ్చింది.

అందుకని మా వాడికి చెప్పాను. అసలైన ఇంగ్లీషు స్పోర్ట్స్ కార్లు, అంటే ఎమ్జీలూ స్పిట్‌ఫైర్లూ, మన దేశంలో ఉన్నవి కొద్ది, వాటి ధరలు కొండెక్కి కూర్చున్నాయి. హెరాల్డ్ అయితే ఎక్కడో ఒక కొట్టంలో, ఎవరో ఒక డాక్టరుగారి షెడ్డులో ఇంకా దొరకచ్చు. స్పోర్ట్స్ కారు ఎముకలు దానిలోనే ఉన్నాయి. ముందు దాని మీద చెయ్యి తిరిగితే తర్వాత దేన్నయినా బాగు చెయ్యచ్చు.

గూడు వేరు, బండి వేరు

ఈ కారు కట్టుబడి చూస్తే మన గూడుబండి గుర్తొస్తుంది. గూడుబండికి కింద నొగలు, ఇరుసు, చక్రాలు ఉంటాయి. పైన గూడు వేరు. గూడు విప్పి పక్కన పెట్టినా బండి నడుస్తుంది. హెరాల్డ్ కూడా అంతే. కింద ఉక్కు ఛాసిస్, దాని మీద ఇంజను, గేరుబాక్సు, చక్రాలు. పైన బాడీని ముక్కలు ముక్కలుగా బోల్టులతో బిగించారు. ముందు భాగమైతే బానెట్టూ మడ్‌గార్డులూ లైట్లూ అంతా ఒకే ముక్క. రెండు వైపులా కొక్కేలు తీసి ముందుకి వాల్చేస్తే ఇంజనుతో పాటు ముందు చక్రాల సస్పెన్షన్ మొత్తం కళ్ల ముందుంటుంది. మెకానిక్కు టైరు మీద కూర్చుని పని చేసుకోవచ్చు.

ఇలా కట్టడానికి ఒక కారణం ఉంది. అప్పటికి ఇంగ్లండులో చాలా కంపెనీలు ఛాసిస్ లేకుండా, బాడీయే బరువు మోసే పద్ధతికి మారిపోతున్నాయి. స్టాండర్డ్ కంపెనీకి బాడీలు చేసి ఇచ్చే ఫిషర్ అండ్ లడ్లో సంస్థని 1953లో పోటీ కంపెనీ బీఎంసీ కొనేసింది. పెద్ద బాడీని ఏకముక్కగా చేసి పెట్టేవాళ్లు లేకపోయారు. దాంతో చిన్న చిన్న ముక్కలు తలోచోటా చేయించి, ఛాసిస్ మీద బిగించే పాత దారి పట్టారు. ఆ ఇబ్బందే ఇవాళ మనకి మేలయింది. ఒక ముక్క పాడైతే ఆ ముక్క ఒక్కటే విప్పి బాగు చేసుకోవచ్చు.

ఇంకో విశేషం దాని మలుపు. పాతిక అడుగుల వెడల్పు ఉంటే చాలు, హెరాల్డ్ గుండ్రంగా తిరిగి వచ్చేస్తుంది. ముందు చక్రాలు అంత బాగా పక్కకి తిరుగుతాయి. మన కాలవ గట్ల మీద, ఇరుకు సందుల్లో ఇది ఎంత సుఖమో నడిపినవాళ్లకి తెలుస్తుంది.

అయితే ఒక తేడా గట్టిగా గుర్తు పెట్టుకోండి. తలుపుల కింద నిలువునా ఉండే రేకుల పెట్టెని సిల్ అంటారు. హెరాల్డ్‌లో అది కేవలం అందానికి బిగించినది, బరువంతా ఛాసిస్‌దే. స్పిట్‌ఫైర్‌కి వచ్చేసరికి ఛాసిస్ పక్క పట్టీలు తీసేశారు కాబట్టి బండి వంగకుండా నిలబడడానికి ఆ సిల్ కూడా బలం ఇవ్వాలి. ఛాసిస్సే లేని ఎమ్జీ వారి ఎమ్జీబీ కారులో అయితే సిల్ ఇంకా ముఖ్యం. హెరాల్డ్ సిల్ తుప్పు పడితే చూపుకే లోటు. స్పిట్‌ఫైర్ సిల్ తుప్పు పడితే బండి నడుము విరిగినట్టే.

చుక్కలో దాగిన బ్యాటరీ

ఇప్పుడు అసలు శత్రువు దగ్గరికి వద్దాం. తుప్పు అంటే గాలి, నీరు తగిలి ఇనుము పాడవడం అని చిన్నప్పుడే చదువుకున్నాం. కానీ ఎక్కడ పడుతుంది, ఎందుకు అక్కడే పడుతుంది అన్నది తెలిస్తేనే పాత కారు కొనేటప్పుడు పనికొస్తుంది.

ఇంట్లోనే చూడచ్చు. ఒక ఇనుప రేకు తీసుకుని గరుకు కాగితంతో మెరిసేలా రుద్దండి. దాని మీద ఒక్క చుక్క ఉప్పునీరు వెయ్యండి. కదపకుండా గంటో రెండు గంటలో వదిలెయ్యండి. చుక్క అంచున గాలి బాగా అందుతుంది, నడిమధ్యకి తక్కువ అందుతుంది. మీరు అంచున తుప్పు పడుతుందనుకుంటారు. చుక్కని తుడిచి చూడండి. గుంట పడింది నడుమ! తుప్పు పొడి మాత్రం చుట్టూ ఉంగరంలా పేరుకుంటుంది.

జరిగేది ఇది. గాలి తక్కువగా ఉన్న చోట ఇనుము తన ఎలక్ట్రాన్లని వదిలేసి నీళ్లలో కరుగుతుంది. ఆ ఎలక్ట్రాన్లు రేకు లోపలి నుంచి అంచు వైపు పరిగెడతాయి. అక్కడ గాలిలోని ఆక్సిజన్, నీరు వాటిని అందుకుని క్షారంగా మారతాయి. ఇంటర్ ల్యాబులో ఉండే ఫినాఫ్తలీన్ ఒక చుక్క కలిపితే అంచు గులాబీ రంగుకి తిరగడం కళ్లారా చూడచ్చు. కరిగిన ఇనుమూ ఈ క్షారమూ కలుసుకున్న చోట తుప్పు ఏర్పడుతుంది. అంటే ఒక్క నీటిచుక్కలో చిన్న బ్యాటరీ నడుస్తోందన్నమాట. ఉప్పు ఉంటే నీళ్లలో కరెంటు సులువుగా పారుతుంది కాబట్టి పని జోరుగా సాగుతుంది. దీన్ని కేంబ్రిడ్జిలో యులిక్ ఎవాన్స్ అనే శాస్త్రవేత్త 1920లలో తేల్చి చెప్పాడు. ఈ ప్రయోగానికి ఇప్పటికీ ఆయన పేరే ఉంది.

ఇందులో పాత కారు కొనేవాడికి కావలసిన పాఠం మొత్తం ఉంది. గాలి ధారాళంగా తగిలే పై రేకులో కాదు, గాలి ఆడని మూలల్లో ఇనుము తినేస్తుంది. మడ్‌గార్డు లోపల పేరుకున్న బురద కింద, కాళ్ల దగ్గర వేసిన తివాచీ కింద, రెండు రేకులు అతికిన సందులో, పైన పూసిన లప్పం కింద. మెరిసే పెయింటు ఉన్న చోట మీ కన్ను నిలుస్తుంది. తుప్పు మాత్రం అక్కడ ఉండదు. పైగా తుప్పు తను తిన్న ఇనుము కంటే ఎన్నో రెట్లు చోటు ఆక్రమిస్తుంది. అందుకే రెండు రేకుల మధ్య చేరితే ఉబ్బి, వెల్డింగు అతుకుల్ని సైతం విడదీస్తుంది.

ఇంగ్లండులో చలికాలం మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. అక్కడి కార్ల చావు ఆ ఉప్పుతో. మన దగ్గర ఉప్పు చల్లరు, కానీ తేమ ఉంది. గాలిలో తేమ సుమారు 60 శాతం దాటితే ఇనుము మీద కంటికి కనపడని నీటిపొర నిలుస్తుంది, తుప్పు వేగం పుంజుకుంటుంది. గోదావరి కాలవలు, వరి చేలు, అటు కొల్లేరు, చేపల చెరువులు ఉన్న మన నేలలో తెల్లవారుజామున గాలి చాలా నెలలు ఆ గీత దాటే ఉంటుంది. దానికి తోడు మనవాళ్లు వాడని కారుని గడ్డివాము పక్కన పెడతారు. తడిసిన గడ్డి చక్రాల మధ్య నెలల తరబడి ఉంటే ఛాసిస్‌కి అంతకంటే అపకారం లేదు. వరదలో మునిగిన బండి సంగతి చెప్పనే అక్కర్లేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్నో కార్లు నీళ్లలో నానాయి. అలా మునిగిన బండి ఛాసిస్ గొట్టాల్లో ఒండ్రు చేరితే పై నుంచి కడిగితే పోదు. ఎక్కడి బండి కొన్నా, ఎప్పుడైనా మునిగిందా అని అడగండి.

కొనేటప్పుడు చేతిలో అయస్కాంతం

కారు చూడ్డానికి వెళ్లేటప్పుడు చిన్న అయస్కాంతం, ఒక స్క్రూడ్రైవరు, టార్చిలైటు, కింద పరుచుకోడానికి ఒక గోనెపట్టా తీసుకెళ్లండి. అయస్కాంతాన్ని పల్చటి గుడ్డలో చుట్టి తలుపుల కింది అంచుల మీద, చక్రాల చుట్టూ, డిక్కీ కింద పెట్టి చూడండి. ఇనుముంటే గట్టిగా పట్టుకుంటుంది. లప్పం మందంగా ఉంటే జారిపోతుంది. వేలితో తట్టినా తెలుస్తుంది, రేకు ఖంగుమంటుంది, లప్పం మొద్దుగా పలుకుతుంది.

తర్వాత బండి కింద దూరండి. హెరాల్డ్‌లో చూడాల్సినవి ఛాసిస్ నుంచి పక్కలకి చాచిన చేతులు, వెనక డిఫరెన్షియల్ పట్టుకునే చోటు, డిక్కీ నేల. యజమాని ఒప్పుకుంటే స్క్రూడ్రైవరుతో నొక్కి చూడండి. దిగబడితే ఆ ముక్క కొత్తది వేయించాల్సిందే. తివాచీ ఎత్తి నేల చూడండి. తలుపులు తెరిచి మూయండి. సందులు పైనా కిందా ఒకే వెడల్పులో ఉండాలి. స్పిట్‌ఫైర్ అయితే పక్కన జాకీ పెట్టి కొంచెం ఎత్తి మళ్లీ తలుపు సందు చూడండి. సందు మారిందంటే నడుములో బలం లేదు.

ఇంకొకటి దగ్గరగా చూపిస్తాను, ఎందుకంటే ప్రాణాల మీదికి తెచ్చేది ఇదే. ముందు చక్రాన్ని మోసే నిలువు కడ్డీ కింది కొస మరలా చెక్కి ఉంటుంది. అది ఒక కంచు దిమ్మెలో దిగి ఉంటుంది. దాన్ని ట్రనియన్ అంటారు. స్టీరింగు తిప్పినప్పుడల్లా ఆ ఉక్కు మర కంచు మరలో తిరుగుతుంది. దీనికి గ్రీజు కొట్టకూడదు, గేరుబాక్సులో వాడే 90 నంబరు ఆయిలే వెయ్యాలని తయారుచేసినవాళ్లు చెప్పారు. గ్రీజు మర సందుల్లోకి అడుగంటా పోదు, ఆయిల్ పోతుంది. ఆయిల్ నిండుగా ఉంటే నీళ్లకి చోటుండదు. మన మెకానిక్కులు అలవాటు కొద్దీ గ్రీజుగన్నుతో గ్రీజే కొడతారు. కొన్నేళ్లకి లోపల నీరు చేరి, ఉక్కు మర పై నుంచి కనపడకుండా తుప్పు పడుతుంది. ఒకరోజు స్టీరింగు తిప్పగానే పుటుక్కున తెగి చక్రం లోపలికి మడతపడుతుంది. పాత హెరాల్డో స్పిట్‌ఫైరో కొంటే పెయింటు గురించి ఆలోచించక ముందే ఈ రెండు ట్రనియన్లూ విప్పించి, నిలువు కడ్డీలు చూసుకోండి. తర్వాత ఆయిలే వేయించండి.

ఇంజను: లేత్ మేస్త్రి చేతి పని

మన హెరాల్డ్ ఇంజను 948 సీసీ, నాలుగు సిలిండర్లు. చాలా సాదా యంత్రం. డిప్‌స్టిక్ తీసి చూడండి. ఆయిల్ పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటే నీరు కలిసింది, హెడ్ గాస్కెట్ పోయిందో, హెడ్ పగిలిందో. పొగ గొట్టంలోంచి నీలిపొగ వస్తే ఆయిల్ కాలుతోంది, పిస్టన్ రింగులో, వాల్వు గైడులో అరిగాయి. కంప్రెషన్ మీటరు పెట్టి నాలుగు సిలిండర్లూ చూపించమనండి. అంకె కొంచెం తక్కువైనా నాలుగూ దగ్గర దగ్గరగా ఉంటే దిగులు లేదు. ఒక్కటే బాగా పడిపోతే దానిలో జబ్బుంది.

ఈ ఇంజనుకి ఉన్న ప్రత్యేకమైన బలహీనత క్రాంకు షాఫ్టు ముందుకీ వెనక్కీ జరగకుండా ఆపే అర్ధచంద్రాకారపు వాషర్లు. ఒకరు క్లచ్ తొక్కి వదులుతుంటే ఇంకొకరు ముందు పుల్లీని చూడాలి. ఇంచిలో నాలుగు నుంచి ఎనిమిది వెయ్యో వంతుల కదలిక ఉంటే అది కంటికి ఆనదు. పుల్లీ కదలడం మామూలు కంటికే కనిపిస్తే వాషర్లు అరిగాయి. అవి జారి కింద పడితే క్రాంకు షాఫ్టు వెళ్లి ఇంజను దిమ్మెనే కోసేస్తుంది.

ఇవన్నీ భయపడాల్సినవి కావు. సిలిండర్ బోర్ చేసి పెద్ద సైజు పిస్టన్ వెయ్యడం, క్రాంకు గ్రైండింగు చెయ్యడం, ఎక్కడా దొరకని బుష్షుని కంచు కడ్డీలోంచి తరిచి ఇవ్వడం, ఇవి మన లేత్ మేస్త్రులకి కొత్తవి కాదు. రైసు మిల్లులూ పంపుసెట్లూ ట్రాక్టర్లూ ఉన్న సీమ ఇది. పెద్ద పని పడితే విజయవాడ జవహర్ ఆటోనగర్ ఉంది, పాత సామాను వెతకాలంటే చెన్నై పుదుపేట ఉంది. రబ్బరు సీళ్లు, ట్రనియన్లు, గాస్కెట్లు ఇంగ్లండులో ఇప్పటికీ కొత్తగా చేసి అమ్ముతున్నారు, తెప్పించుకోవచ్చు. ఒక్క మాట, నాలుగు తలుపుల మద్రాసు హెరాల్డ్ బాడీ ముక్కలు మాత్రం అక్కడ దొరకవు. అవి మన టింకరింగ్ మేస్త్రి చేత కొట్టించుకోవాల్సిందే.

పానాల విషయం జాగ్రత్త. ఈ బండి నట్లు ఇంచి కొలతలవి. అర ఇంచి నట్టు అంటే 12.7 మిల్లీమీటర్లు. 13 నంబరు పానా పట్టినట్టే ఉంటుంది. కానీ మిగిలిన ఆ 0.3 మిల్లీమీటరు సందు చాలు, తుప్పుతో బిగుసుకున్న నట్టు మీద బలం పెట్టగానే మూలలు గుండ్రం తిరిగిపోతాయి. ఇంచి పానాల సెట్టు ఒకటి ముందే కొనుక్కోండి. బిగుసుకున్న నట్టుకి కిరసనాయిలు పోసి రాత్రంతా నాననివ్వండి. అప్పటికీ రాకపోతే పెట్రోలు ట్యాంకుకీ పైపులకీ దూరంగా ఉన్నచోట మాత్రమే గ్యాసుతో నట్టుని వేడి చెయ్యాలి. నట్టు ఒక వెంట్రుకంత కూడా పెరగదు, అయినా లోపల తుప్పు పట్టు వదలడానికి ఆ కాస్త చాలు.

తుప్పు తియ్యడం, మళ్లీ రానీకపోవడం

చుక్కలో కరెంటు పారి ఇనుము కరిగిందని చెప్పుకున్నాం కదా. అదే కరెంటుని ఎదురు తిప్పి తుప్పుని వదిలించచ్చు. ప్లాస్టిక్ తొట్టిలో నీళ్లు పోసి బట్టల సోడా కొంచెం కలపండి. తుప్పు పట్టిన ముక్కని బ్యాటరీ ఛార్జరు మైనస్ తీగకి, ఒక పనికిరాని ఇనుప రేకుని ప్లస్ తీగకి కట్టి, రెండూ తగలకుండా ముంచి కరెంటు ఇవ్వండి. కొన్ని గంటల్లో తుప్పు నల్లగా మెత్తబడి బ్రష్షుకి వచ్చేస్తుంది. మంచి ఇనుము తరగదు. మూడు జాగ్రత్తలు తప్పనిసరి. హైడ్రోజన్ బుడగలు వస్తాయి కాబట్టి ఆరుబయట చెయ్యాలి, దగ్గర్లో నిప్పు ఉండకూడదు. ప్లస్ వైపు స్టెయిన్‌లెస్ స్టీలు పెట్టకూడదు, విషపు క్రోమియం నీళ్లలో చేరుతుంది. స్ప్రింగులూ గట్టి ఉక్కు బోల్టులూ ఇందులో వెయ్యకూడదు, హైడ్రోజన్ లోపలికి దూరి పెళుసెక్కుతాయి.

తీసిన ముక్కని కడిగి ఆరబెట్టిన వెంటనే ప్రైమరు కొట్టాలి. మన తేమలో రేపటికి వదిలేస్తే మళ్లీ ఎర్రబడుతుంది. జింకు కలిసిన ప్రైమరైతే ఇంకా మంచిది. ఎందుకో పిల్లల చేత ఒక ప్రయోగం చేయించండి. రెండు గాజు గ్లాసుల్లో ఉప్పునీళ్లు పోసి, ఒకదానిలో వట్టి మేకు, ఇంకోదానిలో జీఐ తీగ గట్టిగా చుట్టిన మేకు వెయ్యండి. వారం తిరిగేసరికి వట్టి మేకు ఎర్రబడుతుంది, తీగ చుట్టినది చాలావరకు నిలుస్తుంది. తీగ మీదున్న జింకు తను ముందు కరిగి ఇనుముని కాస్తుంది. 1824లో హంఫ్రీ డేవీ ఓడల అడుగున రాగి రేకుల్ని కాపాడడానికి చెప్పిన ఉపాయం ఇదే.

ఛాసిస్ గొట్టాల లోపలికి మైనం కలిసిన తుప్పు మందు పిచికారీ చేయించండి. నీరు పోవడానికి కింద ఉంచిన రంధ్రాల్ని పెయింటుతో పూడ్చనివ్వకండి. రంగు పని సంక్రాంతి వెళ్లాక, మబ్బు లేని పొడి రోజుల్లో పెట్టుకోండి. శ్రావణంలో కొట్టించిన రంగు కింద తేమ చిక్కుకుంటుంది.

లైట్లు, పెట్రోలు, కాగితాలు

పాత ఇంగ్లీషు బండి లైట్లు మసగ్గా వెలుగుతాయని అందరూ అంటారు. చాలాసార్లు తప్పు డైనమోది కాదు, తుప్పు పట్టిన ఎర్తుది. 12 వోల్టుల దీపం 4 ఆంపియర్లు తీసుకుంటోందనుకోండి. ఎర్తు బోల్టు దగ్గర తుప్పు వల్ల అర ఓమ్ అడ్డు చేరితే దీపానికి అందేది పదిన్నర వోల్టుల లోపే. వోల్టులు అంత తగ్గితే ఫిలమెంటు వెలుగు నలభై శాతం దాకా పడిపోతుంది. ఎర్తు పట్టే చోటంతా గరుకు కాగితంతో రుద్ది మళ్లీ బిగిస్తే కొత్త దీపం కొన్న ఫలితం వస్తుంది. ఇంకో సంగతి, ఆ కాలపు బండ్లలో చాలావాటికి బాడీకి కలిపేది బ్యాటరీ ప్లస్. చూసుకోకుండా బ్యాటరీ మార్చకండి.

పెట్రోలూ మారింది. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలే. ఆ సీసం పాత ఇంజన్లలో వాల్వు కూర్చునే పీటని అరగకుండా కాచేది. హెడ్ విప్పినప్పుడు గట్టి ఉక్కు పీటలు వేయించుకుంటే ఆ బెంగ తీరుతుంది. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. చెరకు మడ్డి నుంచి, మొక్కజొన్న నుంచి, మన నూకల నుంచి కూడా ఆ ఇథనాల్ తీస్తున్నారు. రైతుకి అది మంచిదే. పాత రబ్బరు గొట్టాలకి మాత్రం పడదు, మెత్తబడి పగుళ్లిస్తాయి. పైగా ఇథనాల్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది. నెలల తరబడి కదలని బండి ట్యాంకులో నీరు వేరుపడి అడుగున చేరి తుప్పు తెస్తుంది. ఇథనాల్‌కి తట్టుకునే గొట్టాలు వేయించండి, బండి నిలిపేసేటప్పుడు కార్బ్యురేటరు ఖాళీ చెయ్యండి. బ్రేకు ఆయిల్ కూడా తేమ పీల్చేదే. రెండేళ్లకోసారి మార్చాలి.

చివరిది కాగితం. 2021 జూలైలో కేంద్ర ప్రభుత్వం పాత బండ్లకి వేరే రిజిస్ట్రేషన్ తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్లు దాటి, అసలు రూపం చెడకుండా ఉన్న బండికి నంబరులో 'వీఏ' అక్షరాలతో కొత్త ప్లేటు ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషన్‌కి రుసుము 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. ప్రదర్శనలకీ ర్యాలీలకీ పెట్రోలు కొట్టించుకోడానికీ బాగు చేయించడానికీ తిప్పుకోవచ్చు. రోజూ తిరగడానికీ కిరాయికీ కుదరదు. హెరాల్డ్ కార్లన్నీ ఇప్పుడు ఆ వయసు దాటినవే. అందుకని పాత ఆర్సీ పుస్తకం, ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు మూడూ సరిపోలిన బండినే కొనండి. అసలు రూపం ఉండాలంటే అందం కోసం కొత్త ఇంజను, కొత్త డ్యాష్‌బోర్డు పెట్టించడం కూడదు. ఉన్న ముక్కని బాగు చేయగలిగితే మార్చకండి.

పని ఏ వరసలో చెయ్యాలో కూడా చెప్పేస్తాను. విప్పే ముందు ప్రతి చోటా ఫోటో తియ్యాలి, ప్రతి బోల్టుకీ సంచి, సంచికి చీటీ ఉండాలి. మొదట ఛాసిస్, తర్వాత ట్రనియన్లూ బ్రేకులూ, తర్వాత ఇంజను, తర్వాత వైరింగు, అన్నిటికంటే చివర రంగు. రంగుతో మొదలుపెట్టినవాళ్ల డబ్బు అక్కడే అయిపోతుంది, బండి షెడ్డు దాటదు.

మా వాడికి చెప్పిందే మీకూ చెబుతున్నాను. రెండు బండ్లు కనిపించి, ఒకటి అద్దంలా మెరుస్తూ కింద చట్రం పుచ్చిపోయి ఉంటే, రెండోది రంగు పోయి, ఇంజను పట్టేసి, చట్రం మాత్రం గట్టిగా ఉంటే, కళ్లు మూసుకుని రెండోదే కొనండి.

ఇక మీ ఇంట్లోనో మీ బంధువుల కొట్టంలోనో పాత హెరాల్డ్ పడి ఉంటే, దయచేసి పాత ఇనుముకి తూకం వేసి అమ్మకండి. ముందు దాని చుట్టూ ఉన్న గడ్డి తీసేయండి. నాలుగు పక్కలా ఇటుకలు పెట్టి నేల నుంచి ఎత్తండి. గాలి ఆడనివ్వండి. తర్వాత బీరువాలో ఆర్సీ పుస్తకం వెతకండి. బాగు చేసుకోగలిగే పిల్లలు మన ఊళ్లలోనే ఉన్నారు, వాళ్లకి కబురు పెట్టండి.